పాస్ మీది ముఖం

భార్య జెనిఫర్ పేరున ఉన్న, సీజనంతా కొండల మంచు మీద జారడానికి చెల్లే స్కీ పాస్‌ను నోయెల్ ఆమెకు చెప్పకుండా తీసుకొచ్చాడు. అడిగితే ఆమె ఇచ్చేదే. అందుకే అడగలేదు. అడిగితే "ఎవరికి?" అనేది. ఆ ప్రశ్నకు జవాబు చెబుతున్నప్పుడు తన గొంతు తనకే వినపడేది. ఇంట్లో ఎవరూ లేవకముందే, హాల్లో తగిలించి ఉన్న జెనిఫర్ జాకెట్ జేబులోంచి ఆ కార్డు తీసి తన లోపలి జేబులో వేసుకున్నాడు. జిప్పు మూసిన చప్పుడు తప్ప ఇంకేమీ కాలేదు.

కాలిఫోర్నియాలోని శాన్ రామన్ నుంచి మంచుకొండల దాకా దాదాపు నాలుగు గంటల దారి. నోయెల్ డ్రైవ్ చేస్తున్నాడు. పక్కన ఫణికుమార్. ఆఫీసులో కూడా అతనిది పక్క సీటే. వెనక ఫణి భార్య స్రవంతి, నోయెల్ కూతురు షారన్. షారన్ ఏడో క్లాసు. చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని కిటికీ వైపు తిరిగి ఉంది.

"నోయెల్, ఈ పాస్ అనేది ఒక మతంరా," అన్నాడు ఫణి, థర్మాస్‌లోంచి టీ వంపుకుంటూ. "సెప్టెంబర్‌ల చెమటలు కారుతుంటయ్. అప్పుడు మంచు పడతదని నమ్మి పైసలు కట్టాలె. పడకపోతే మన విశ్వాసం చాలలేదనుకోవాలె."

"నిన్నెవరు కొనమన్నారు?"

"నువ్వే! కెఫెటేరియాల టిష్యూ పేపర్ మీద గ్రాఫ్ గీసినవ్. మర్చిపోయినవా?"

నిజమే, గీశాడు. ఒక్క కార్డుతో ఎన్నో కొండలు. ఇక్కడ మంచు పడకపోతే యూటా, అక్కడా పడకపోతే కొలరాడో. టికెట్ కిటికీ దగ్గర నిలబడక్కర్లేదు. ముందే కట్టేశాం కాబట్టి ఒక గంట ఆడి వచ్చేసినా మనసు చివుక్కుమనదు. అవన్నీ నిజాలే. చెప్పేటప్పుడు మనస్ఫూర్తిగానే చెప్పాడు.

చెప్పనివి కూడా ఉన్నాయి. వెళ్ళకపోతే ఎవరూ తిరిగివ్వరు. చవక రకం పాస్ సెలవు రోజుల్లో చెల్లదు. అందరి జేబుల్లోనూ అదే కార్డు ఉండడం వల్ల అందరి కార్లూ అదే శనివారం అదే రోడ్డు మీదికొస్తాయి. కార్డున్నవాడికి లాభం కలిగిందనిపించడానికి లేనివాణ్ణి కిటికీ దగ్గర దోచుకుంటారు. వీటన్నిటికన్నా చెప్పలేనిది ఇంకొకటుంది. ఆ పాస్ కొన్న తర్వాత శనివారం ఉత్త శనివారంగా ఉండడం మానేసింది. ఇంట్లో పడుకుంటే అది వాడని శనివారం అయ్యేది. తన తీరికను తనే పనికి కుదిర్చాడు.

డిసెంబర్‌లో మొదటి వాలు మీదే జెనిఫర్ పడింది. మోకాలు మెలిపడింది. "నీ కొండలు నీకే. నన్ను శనివారాలు చర్చిలో క్వైర్ ప్రాక్టీస్ చేసుకోనివ్వు," అంది. అప్పట్నుంచి ఆమె పాస్ జాకెట్ జేబులోనే ఉంది. ఆమె మోకాలి కన్నా ఆ కార్డే నోయెల్‌కు ఎక్కువసార్లు గుర్తొచ్చేది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన గుర్తు రావడం ఆగలేదు.

"అన్నయ్యా, నాకు మాత్రం కిటికీలో టికెట్ తీసుకుందాం లెండి," అంది స్రవంతి. "ఎంతైతే అంతైంది. ఈయన పాస్ కొని, నాకు కొనకుండా ఎగ్గొట్టాడు."

"నువ్వేగా చలి అన్నవ్!" అన్నాడు ఫణి. "కిటికీ టికెట్ అంటే మజాకా? పాస్ తోని వచ్చే స్నేహితుల డిస్కౌంట్ కూపన్లు నావి అయిపోయినయ్, నీ దగ్గర ఉండాలె కదరా?"

"క్రిస్మస్ సెలవుల్లో మా చర్చి యూత్ వాడేశారు," అన్నాడు నోయెల్. "అయినా టికెట్ అవసరం లేదమ్మా. జెనిఫర్ పాస్ తెచ్చాను. అది వాడుకో."

"దాని మీద వదిన ఫోటో ఉంటుంది కదా?"

"హెల్మెట్, గాగుల్స్, మూతికి గుడ్డ. ఇంక కనపడేదేముంది?" అక్కడితో ఆపి ఉండొచ్చు. ఆపలేదు. "అయినా ఈ తెల్లవాళ్ళకి మన మొహాలన్నీ ఒకటే కదమ్మా."

ఫణి టీ ఒలికేలా నవ్వాడు. "కరెక్ట్! కావాలంటే డగ్‌ని అడుగు!"

డగ్ వాళ్ళ మేనేజర్. నోయెల్ చేసిన పనికి ఫణిని మెచ్చుకుంటాడు, ఫణి చేసిన తప్పుకు నోయెల్‌ను పక్కకు పిలుస్తాడు. ఫణి సన్నగా పొడుగ్గా ఉంటాడు. నోయెల్ పొట్టి, రంగులో ఇద్దరికీ పోలికే లేదు. ఫణికి అదొక పెద్ద జోకు. నోయెల్‌కు మాత్రం ఆ క్షణంలో గదిలో తను ఉన్నాడో లేడో అన్నంత సందేహం కలిగేది. ఇంటికొచ్చి భోజనం దగ్గర ఆ సంగతి చెబుతుంటే మెతుకు గొంతు దిగేది కాదు. షారన్ ఆ మాటలన్నీ వింటూ పెరిగింది.

అద్దంలోంచి చూశాడు. షారన్ ఒక చెవిలోంచి ఇయర్‌బడ్ తీసి చేతిలో పట్టుకుని ఉంది.

కిందటేడు స్కూల్లో జరిగింది నోయెల్‌కు అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉండాలని కాబోలు, వైపర్లు వేశాడు. అద్దం మీద చినుకు కూడా లేదు.

షారన్ టీచర్ మిస్ కాలిన్స్ నెలల తరబడి షారన్‌ను సాన్వి అని పిలిచింది. సాన్వి అదే క్లాసులో ఇంకో ఇండియన్ పిల్ల, కళ్ళద్దాలు పెట్టుకుంటుంది. చివరికి సైన్స్ ప్రాజెక్టుకు షారన్‌కు రావలసిన సర్టిఫికెట్ సాన్వి చేతికిచ్చి ఫోటో కూడా తీయించింది. షారన్ ఇంటికొచ్చి ఏడవలేదు. "పర్లేదు డాడీ, షీ ఈజ్ బిజీ," అంది. ఆ 'పర్లేదు' విన్నాక నోయెల్ ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే స్కూలుకు వెళ్ళాడు. జీవితంలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి, ఆ టీచరమ్మ ముందు నిలబడి, "మేమందరం మీకు ఒకేలా కనిపిస్తున్నామా? దయచేసి నా కూతురి ముఖం ఒక్కసారి చూడండి," అన్నాడు. చేతులు వణికిపోయాయి. పక్కనే ఉన్న షారన్ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత చర్చిలో పిల్లలందరికీ ఆ కథ చెప్పింది. తండ్రిగా తనకంటూ ఒక ముఖం ఉందని నోయెల్‌కు తెలిసింది ఆ ఒక్కసారే.

కొండ మీద ఎండ కాస్తోంది. మంచు కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది. పార్కింగ్ లాట్‌లోనే జెనిఫర్ పాస్ స్రవంతి జేబులోకి మారింది.

తీగకు వేలాడే కుర్చీల్లో కొండపైకి తీసుకెళ్ళే మొదటి లిఫ్ట్ దగ్గర ఒక పెద్దావిడ చేతిలో స్కానర్ పట్టుకుని నిలబడి ఉంది. స్కానర్‌ను జేబుకు దగ్గరగా పెడితే చాలు, దాని మీద పేరూ ఫోటో వస్తాయి. ఆవిడ వాటి వైపు చూసిందో లేదో తెలియదు. "ఎంజాయ్ చెయ్, జెనిఫర్," అంటూ తర్వాతి మనిషి వైపు తిరిగింది.

"అమ్మ బాబోయ్, గుండె దడదడలాడిపోయింది అన్నయ్యా!" స్రవంతి నవ్వుతూ ఫణి మోచెయ్యి పట్టుకుంది.

"నమస్తే జెనిఫర్ గారూ," అన్నాడు ఫణి. "మీ ఆయన నోయెల్ ఎట్లున్నడు?"

నోయెల్ కూడా నవ్వాడు. నవ్వుతూనే షారన్ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. లిఫ్ట్ వాళ్ళిద్దర్నీ ఎత్తుకుని పైన్ చెట్ల మీదుగా బయల్దేరింది. వెనక కుర్చీలోంచి ఫణి దంపతుల నవ్వులు వినపడుతున్నాయి.

"డాడీ, మమ్మీ అండ్ స్రవంతి ఆంటీ సేమ్ ఉంటారా?"

"లేదు నాన్నా."

"మరి ఆమె ఎందుకు చూడలేదు?"

"జనం ఎక్కువున్నారు కదా. బిజీగా ఉంది."

షారన్ కాళ్ళకున్న పొడవాటి స్కీ పలకలను ఒకదానికొకటి తగిలించింది. మంచు రాలి కింద పడింది. "మిస్ కాలిన్స్ కూడా బిజీ అనే చెప్పింది," అంది.

పైన లిఫ్ట్ దిగారు. నోయెల్ మధ్యాహ్నం దాకా స్రవంతికి ఆగడం నేర్పాడు. తనకే సరిగా రాదు, వీడియోలు చూసి నేర్చుకున్నవాడు. స్రవంతి పడుతూ లేస్తూ చిన్నపిల్లలా కేరింతలు కొడుతుంటే, ఇదిగో ఈ ఆనందం జేబులో వృథాగా పడి ఉండేది కదా అని తనకు తను చెప్పుకున్నాడు. అది చెప్పుకోవలసి వస్తోందని కూడా గమనించాడు.

భోజనాలయ్యాక ఇంకో వైపున్న లిఫ్ట్‌కు వెళ్ళారు. వరుస పెద్దగా ఉంది. స్కానర్ పట్టుకున్నది ఒక కుర్రాడు. ఇరవై దాటాయో లేదో. జాకెట్ మీద పేరు, ఊరు రాసిన బిళ్ళ: మతేయో, పెరూ. తెలుగు చర్చిలో అయితే మత్తయి అనేవాళ్ళు. చలికి పెదవులు పగిలాయి. గోధుమ రంగు ముఖం. చూడగానే నోయెల్‌కు చర్చి యూత్‌లో గిటార్ వాయించే పిల్లాడు గుర్తొచ్చాడు.

ఫణిది స్కాన్ అయింది. స్రవంతి వంతు వచ్చింది. కుర్రాడు స్కానర్ చూశాడు. స్రవంతిని చూశాడు. మళ్ళీ స్కానర్ చూశాడు.

"మేడమ్, ఒక్కసారి గాగుల్స్ పైకి అనగలరా?"

స్రవంతి గాగుల్స్ తీసింది. కుర్రాడు ఆమె కళ్ళు, ముక్కు, నుదురు చూశాడు. తొందరపడలేదు. అనుమానంగా కూడా చూడలేదు. ఒక మనిషి ముఖాన్ని ఎలా చూడాలో అలా చూశాడు.

"సారీ మేడమ్. ఇది మీ పాస్ కాదనుకుంటాను," అన్నాడు నెమ్మదిగా, ఎవరికీ వినపడకుండా.

స్రవంతి నోయెల్ వైపు తిరిగింది. వెనక వరుసలో ఎవరో విసుగ్గా చేతిలోని స్కీ కర్రలు మంచులో గుచ్చారు.

అప్పుడు నోయెల్ నోట్లోంచి ఒక గొంతు వచ్చింది. ఆ గొంతు అతనికి తెలుసు. స్కూల్లో విన్న గొంతే. మాటలూ అవే.

"అంటే నీ ఉద్దేశం ఏంటి? మేమందరం నీకు ఒకేలా కనిపిస్తున్నామా?"

కుర్రాడు చెప్పింది సరిగ్గా దానికి వ్యతిరేకం. ఫోటోలోని మనిషీ స్రవంతీ ఒకేలా లేరన్నాడు. ఆ సంగతి వరుసలో ఎవరూ పట్టించుకోలేదు. వెనక నిలబడ్డ ఒక తెల్లావిడ "అన్‌బిలీవబుల్!" అంది. నోయెల్‌ను కాదు, ఆ కుర్రాణ్ణి. ఆమె పక్కనున్నాయన తల అడ్డంగా ఊపాడు. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

"నో సర్, నేను అలా అనలేదు... సారీ సర్. సారీ మేడమ్. నాదే తప్పు. వెళ్ళండి."

స్కానర్ కుయ్‌మంది. స్రవంతి తలొంచుకుని ముందుకు జారింది. నోయెల్ వెనక్కి తిరిగేసరికి షారన్ పక్కన లేదు. ఒంటరిగా ఎక్కేవాళ్ళ వరుసలోకి మారిపోయి, ఎవరో ముగ్గురు అపరిచితుల మధ్య కూర్చుని పైకి వెళ్ళిపోతోంది.

"ఏం దంచినవ్‌రా!" కుర్చీ కదలగానే ఫణి అతని భుజం చరిచాడు. "ఇంజినీర్ ఎందుకైనవ్, లాయర్ కావాల్సినోడివి. ఆ పోరడి మొహం చూసినవా?"

"పాపం అండీ, ఊరుకోండి," అంది స్రవంతి. పైన దిగగానే ఆమె జేబులోంచి పాస్ తీసి నోయెల్ చేతిలో పెట్టింది. "నాకు చాలన్నయ్యా. నేనూ ఈయనా కిందికి దిగి కార్ దగ్గరుంటాం. మీరు పాపతో ఆడుకోండి."

కార్డు మీద జెనిఫర్ నవ్వుతోంది. సెప్టెంబర్‌లో వంటింట్లో అతనే తీసిన ఫోటో. గుండ్రటి ముఖం, పొట్టి జుట్టు, గడ్డం మీద చిన్న మచ్చ. స్రవంతికి వీటిలో ఒక్కటీ లేదు.

షారన్ కింద, స్కీ చేసేవాళ్ళు తినడానికి కూర్చునే లాడ్జిలో ఒక బల్ల దగ్గర దొరికింది. ముందున్న హాట్ చాక్లెట్ మీద మీగడ కట్టింది. నోయెల్ ఎదురుగా కూర్చున్నాడు. చెప్పడానికి మాటలు సిద్ధం చేసుకునే వచ్చాడు. అందరూ చేస్తారని. కంపెనీకి పోయేదేమీ లేదని. ఆ పాస్‌కు మనం కట్టేశామని. కుర్రాడికి ఏమీ కాదని. ఒక్కొక్క మాటా నోటి దాకా వచ్చి, కూతురి ముఖం చూసి వెనక్కి వెళ్ళింది.

"నీ హ్యాండ్ షేక్ కాలేదు," అంది షారన్.

"ఏంటి నాన్నా?"

"స్కూల్లో నీ హ్యాండ్ షేక్ అయింది. నేను పట్టుకున్నాను. ఇందాక నేను చూశాను డాడీ. షేక్ కాలేదు."

నోయెల్ తన చేతుల్ని బల్ల కిందికి తీసుకున్నాడు.

"మిస్ కాలిన్స్ నిజంగా మిస్టేక్ చేసిందా? లేక నువ్వు అలా చెప్పావా?"

"షారన్! నీకు తెలుసు కదా. నీ సర్టిఫికెట్ సాన్వికి ఇచ్చింది. నువ్వే కదా చెప్పావు నాకు."

"నాకు తెలుసు," అంది ఆ పిల్ల. కళ్ళలో నీళ్ళు లేవు. అంతకన్నా కష్టమైనదేదో ఉంది. "బట్ ఇప్పుడు తెలీదు."

నోయెల్ కిటికీలోంచి లిఫ్ట్ వైపు చూశాడు. డగ్ మీద తను పెంచుకున్న కోపం, ఆ కోపానికి ఉన్న నిజం, భోజనాల దగ్గర దిగని మెతుకులు, అన్నీ ఈ పిల్ల చేతిలో పెట్టి పెంచాడు. ఇప్పుడు వాటిలో ఏది నోయెల్‌కు నిజంగా తగిలిన దెబ్బో, ఏది అవసరానికి తీసిన కర్రో ఆమెకు ఎలా తెలుస్తుంది? తనకైనా ఎలా తెలుస్తుంది? ఇందాక ఆ మాట ఎంత సులువుగా వచ్చింది! వెతకనక్కర్లేకుండా, చేతికందే చోట పెట్టుకున్నట్టు.

"పద," అని లేచాడు.

ఆ కుర్రాడున్న లిఫ్ట్ దాకా నడుస్తుంటే ఇంకో ఆలోచన వచ్చింది. షారన్ చూసి ఉండకపోతే వెళ్ళేవాడా? ఫణితో పాటు కార్లో కూర్చుని ఇంకో కప్పు టీ తాగుతూ ఉండేవాడు. ఆ జవాబు తెలిసే నడిచాడు. వరుసలో నిలబడి హెల్మెట్ తీశాడు. గాగుల్స్ తీశాడు. మూతి మీది గుడ్డ మెడ కిందికి లాగాడు. చలి ముఖాన్ని కోసింది. పక్కన షారన్ కూడా తనవి తీసేసింది.

మతేయో అక్కడే ఉన్నాడు. కానీ ఇప్పుడు అతని కళ్ళు స్కానర్ అంచు దాటి పైకి రావడం లేదు. జేబు, స్కానర్, కుయ్. జేబు, స్కానర్, కుయ్. "థాంక్యూ, హ్యావ్ ఎ గుడ్ వన్." మళ్ళీ జేబు.

నోయెల్‌ది కూడా కుయ్‌మంది.

"ఇందాక నువ్వు చెప్పిందే నిజం," అన్నాడు నోయెల్. "ఆ పాస్ మాతో వచ్చిన ఆమెది కాదు. నా భార్యది. నేను నీ మీద అబద్ధమాడాను."

కుర్రాడు గొంతును బట్టి అతనెవరో గుర్తుపట్టాడు. భుజాలు బిగుసుకున్నాయి. "ఇట్స్ ఓకే సర్."

"ఓకే కాదు. నువ్వు తప్పు చేయలేదు. నువ్వు సరిగ్గా చూశావు."

"సర్, నాదే తప్పని సూపర్‌వైజర్‌కు చెప్పేశాను. మీ వెనకున్న మేడమ్ కంప్లైంట్ చేశారు. ఇకమీదట ఎవర్నీ గాగుల్స్ తీయమని అడగనని మాటిచ్చాను. ప్లీజ్, వెనక లైన్ ఉంది."

నోయెల్ జెనిఫర్ కార్డు తీసి ముందుకు చాచాడు. "ఇది తీసుకో. రూల్ ప్రకారం మీరు తీసేసుకోవాలి కదా."

కుర్రాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, అదేదో ఎర అయినట్టు.

"సరే, మీ సూపర్‌వైజర్ ఎక్కడున్నారు? నేనే మాట్లాడతాను."

ఆ మాట నోరు దాటిన తర్వాత అది ఎలా వినపడిందో నోయెల్‌కు తెలిసింది. కుర్రాడి ముఖంలో రంగు పోయింది. "సర్, నాది సీజన్ వీసా," అన్నాడు, స్కానర్‌తో మాట్లాడుతున్నట్టు. "ప్లీజ్."

వీసా అన్న మాటకు ఆ గొంతులో ఉన్న బరువు నోయెల్‌కు బాగా తెలుసు. ఆ బరువుతో అతను ఈ దేశంలో ఏళ్ళు గడిపాడు. కుర్రాడు షారన్ జేబుకు స్కానర్ పెట్టాడు. కుయ్. వెనకనుంచి ఎవరో "ముందుకు కదలండి" అన్నారు. కుర్చీ వచ్చి ఇద్దరి మోకాళ్ళ వెనక తగిలి, ఎత్తుకుంది.

కొంత దూరం పోయాక షారన్ అంది: "నేను మాస్క్ తీశాను డాడీ. హెల్మెట్ కూడా. నన్ను కూడా చూడలేదు."

"నా వల్లే నాన్నా."

ఆమె కాదనలేదు.

"కింద పాస్ ఆఫీస్ ఉంది," అన్నాడు కాసేపటికి. "దిగాక అక్కడికెళ్ళి చెబుదాం. ఆ అబ్బాయి తప్పేమీ లేదని రాసిస్తాను. మన పాస్‌లు తీసేసుకుంటారేమో."

"నాది కూడానా?"

నీది తీసుకోరులే అనబోయాడు. "తెలీదు. తీసుకోవచ్చు," అన్నాడు. "మమ్మీకి కూడా చెప్పాలి. జాకెట్‌లోంచి అడక్కుండా తీశాను."

షారన్ కింద జారుతున్నవాళ్ళ వైపు చూసింది. ఎత్తునుంచి అందరూ ఒకేలా ఉన్నారు, రంగురంగుల హెల్మెట్లు. "ఓకే," అంది చివరికి.

నోయెల్ చేతులు ముందున్న ఇనుప కడ్డీ మీద ఉన్నాయి. తొడుగులు వేసుకోవడం మర్చిపోయాడు. చలికో, కింద చెప్పాల్సిన మాటలకో, అవి వణకడం మొదలుపెట్టాయి. షారన్ వాటిని చూసింది. ఆమె చెయ్యి కూడా అదే కడ్డీ మీద, జానెడు దూరంలో ఉంది. అక్కణ్ణుంచి కదల్లేదు.